కిల్ట్ మీద టై: కొస ఎక్కడ ఆగాలి, మిగిలిన గుడ్డ ఏం చేయాలి? (ఒక చర్చ; ప్రతి భాగం మొదట ఉన్నది రాసినవారి మారుపేరు)

పొట్టిటై:
స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో పగటిపూట పెళ్లి. వేసుకోవాల్సినవి కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు కట్టే కుచ్చిళ్ల గుడ్డ), ట్వీడ్ అనే ముతక ఊలుతో కుట్టిన ఆర్గైల్ కోటు (కిల్ట్ మీద వేసే పొట్టి కోటు), మామూలు కాలర్ చొక్కా, పొడుగు నెక్‌టై. వెయిస్ట్‌కోట్ లేదు, వెడల్పు కిల్ట్ బెల్టు ఉంది. ప్యాంటు మీద సరిగ్గా బెల్టు దాకా వచ్చే టై, అదే ముడితో కిల్ట్ మీద కడితే బకిల్ దాటి కిందికి వేలాడి, స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి) గొలుసును తాకేలా ఉంది.

కొలతలు ఇవీ: ఎత్తు 168 సెం.మీ., టై మొత్తం పొడవు 147 సెం.మీ. కాలర్ గుండీ నుంచి కిల్ట్ పై అంచు దాకా 41 సెం.మీ. ఫోర్ ఇన్ హ్యాండ్ అనే మామూలు చిన్న ముడి వేస్తే ముందు కొస అదే గుండీ నుంచి 52 సెం.మీ. దాకా, వెనక సన్న కొస 48 దాకా వస్తున్నాయి. అంటే ముందు 11 సెం.మీ. ఎక్కువ.

1. కొస సరిగ్గా ఎక్కడ ఆగాలి?
2. టైని పైకి జరిపి కడితే వెనక కొస ముందుదానికంటే పొడుగై బయటికి కనిపిస్తోంది. దాన్ని ఏం చేయాలి?
3. పెద్ద ముడి వేస్తే సరిపోతుందా, పొట్టి టై కొనాల్సిందేనా?

కుచ్చిళ్లలెక్క:
టై సంగతి తర్వాత. ముందు కిల్ట్ ఎక్కడ కూర్చుందో చూడండి. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి టై సరిగ్గానే ఉంటుంది, కిల్టే తప్పుచోట ఉంటుంది. మీ 41 సెం.మీ. చూస్తే మీది సరైన చోటే ఉన్నట్టుంది. అయినా ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే కిల్ట్ కదిలితే మిగతా కొలతలన్నీ కదులుతాయి.

కిల్ట్‌ను జీన్స్ లాగా తుంటి ఎముక మీద కట్టరు. దాని నడుము అసలు నడుము దగ్గర, అంటే పక్కకి వంగినప్పుడు ఒంట్లో మడత పడే చోట కూర్చుంటుంది. సంప్రదాయంగా కుట్టిన కిల్ట్‌కు పై పట్టీల వరస మీద ఇంకో రెండు అంగుళాల గుడ్డ ఉంటుంది, కాబట్టి పై అంచు బొడ్డు దాటి పైకి వస్తుంది. కింది అంచు మోకాలి చిప్ప నడిమి నుంచి పై అంచు మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు. మోకాళ్ల మీద నిటారుగా నిలబడితే అంచు నేలకు ఓ అంగుళం పైన ఉండాలి. నేల మీద పరుచుకుంటే కిల్ట్ కిందికి జారినట్టే.

కిల్ట్ ముందు రెండు చదును పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. కట్టేటప్పుడు లోపలి పొర పట్టీని ఎడమ నడుము దగ్గరున్న చీలికలోంచి బయటికి తీసి ముందుగా బిగించాలి. ఆ తర్వాత కుడివైపు పై పట్టీ. కుడి తుంటి మీది కింది పట్టీ ఆఖరున, అదీ కాస్త వదులుగా. ఆ కింది పట్టీని లాగి బిగిస్తే వెనక కుచ్చిళ్లు విచ్చుకుంటాయి. ఎడమ పట్టీ వదిలేస్తే నడిచేకొద్దీ కిల్ట్ జారుతుంది. పొద్దున అద్దంలో సరిగ్గా ఉన్న టై మధ్యాహ్నానికి పొట్టిగా కనపడటానికి చాలాసార్లు కారణం ఇదే. టై ఎక్కడికీ పోదు, కిందనున్నది దిగిపోతుంది.

ఇక గుర్తు పెట్టుకోవాల్సిన ఆనవాలు ఒకటి: రోజూ కట్టే టై రోజూ కట్టే ముడితో కిల్ట్ మీద కూడా చక్కగా బెల్టు దగ్గరే ఆగిందంటే సంతోషపడకండి. బాగా పొడుగు మనిషి అయితే తప్ప, కిల్ట్ కిందికి కట్టారని అర్థం. ఆరడుగుల మీద మూడు నాలుగు అంగుళాలు ఉన్నవాళ్లకు మాత్రం కథ తిరగబడుతుంది. ప్యాంటు మీద ఎప్పుడూ పొట్టిగా ఆగిపోయే మామూలు టై వాళ్లకు కిల్ట్ మీద సరిగ్గా సరిపోతుంది.

కొలతబద్ద:
కొలతలు ఇచ్చి అడిగారు కాబట్టి లెక్కగా చెప్పొచ్చు.

టై పొడవు నాలుగు చోట్లకు పోతుంది: ముందు కొస, వెనక కొస, మెడ చుట్టు, ముడిలో తినేసేది. టైని పైకి జరిపి కట్టడం అంటే ముందు నుంచి తీసి వెనక్కి ఇవ్వడమే. మొత్తం తగ్గదు. మీరు 11 సెం.మీ. జరిపితే ముందు 41, వెనక 48కి 11 కలిపి 59. తేడా 18 సెం.మీ. ముందు కొస కింద అంత గుడ్డ వేలాడుతుంది. మీరు చూసింది అదే. జరిపినదానికి రెండింతలు తేడా పెరుగుతుంది కాబట్టి కొద్దిగా జరిపినా వెనకది అంత ఎక్కువగా కనిపిస్తుంది.

ముడిలో చుట్లు పెంచడం వేరే సంగతి. అదనపు చుట్టు వెడల్పు కొస నుంచే గుడ్డ తింటుంది, వెనక కొసను ముట్టుకోదు. ఫోర్ ఇన్ హ్యాండ్‌లో ముందు చుట్టు ఒకటికి రెండు వేస్తే, గుడ్డ మందాన్ని బట్టి 6 సెం.మీ. అటూ ఇటూ పోతుంది. ఫుల్ విండ్సర్ అనే పెద్ద ముడి అయితే మామూలు ఫోర్ ఇన్ హ్యాండ్ కంటే 10 దాకా తింటుంది. మీ టైతో కట్టి కొలుచుకోండి. ఈ రెండంకెలూ పట్టు టై మీద లెక్క, ప్రతి గుడ్డకీ ఇవే రావు.

మీ విషయంలో:
రెండు చుట్లతో ముందు 46. ఇంకో 5 జరపాలి. వెనక 53, తేడా 12.
ఫుల్ విండ్సర్‌తో ముందు 42. ఒక్కటి జరిపితే చాలు. వెనక 49, తేడా 8.

ఎటు చూసినా వెనక కొస ముందుదానికంటే పొడుగే. ముడి మార్చి మాయ చేయలేం, దాచాల్సిన గుడ్డ తగ్గించగలం అంతే. అసలేమీ దాచకుండా, రెండు కొసలూ 41 దగ్గరే ఆగాలంటే మామూలు ముడికి టై మొత్తం 18 సెం.మీ. పొట్టిగా, అంటే 129 సెం.మీ. ఉండాలి. దాదాపు 51 అంగుళాలు. ఇప్పుడు అమ్మే మామూలు టైలు 57, 58 అంగుళాలు.

ఫుల్ విండ్సర్ తెలియనివాళ్లకు: వెడల్పు కొస మీ కుడివైపు పెట్టుకోండి. సన్న కొస మీదుగా ఎడమకు దాటించి, మెడ చుట్టు కిందనుంచి పైకి తీసి మళ్లీ ఎడమకే దించండి. సన్న కొస వెనకనుంచి కుడికి తిప్పండి. ముందువైపు నుంచి మెడ చుట్టులోకి దూర్చి కుడికి దించండి. ఇప్పుడు ముందునుంచి ఎడమకు అడ్డంగా చుట్టి, మెడ చుట్టు కిందనుంచి పైకి తీసి, ఆ అడ్డ చుట్టులోంచి కిందికి లాగండి. ప్రతి మెట్టు దగ్గరా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. అన్నీ అయ్యాక ఒకేసారి లాగితే లోపలి చుట్లు వదులుగా ఉండిపోయి, పదినిమిషాల్లో కొస రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కిల్ట్ మీద ఆ మాత్రం తేడా కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పొట్టిటై:
కొలతబద్ద గారూ, లెక్క సరిగ్గా ఉంది. జరిపి కడితే తేడా 18 చిల్లర వచ్చింది. కిల్ట్ కూడా సరిచూశాను, అంచు మోకాలి చిప్ప నడిమిన ఉంది. చెప్పడం మరిచాను, టై ఊలుది, ముతక నేత, మందం ఎక్కువ. ఫుల్ విండ్సర్ వేస్తే ముడి పిడికిలంత వచ్చి కాలర్ కొసలు పైకి లేస్తున్నాయి. వెనక కొసను కిల్ట్‌లోకి దోపేస్తే?

సూదీదారం:
ఊలు టైకి ఫుల్ విండ్సర్ వద్దు. పైగా ఒక చిక్కు ఉంది. టై ముందుకొస దగ్గర వెడల్పు, మెడ వైపు వెళ్లేకొద్దీ సన్నం. పొట్టిగా కట్టినప్పుడల్లా ముడి ఇంకా వెడల్పైన భాగంలో పడుతుంది. అంటే మీరు ఊరికే జరిపి కట్టినా ఫోర్ ఇన్ హ్యాండే రోజుకంటే లావుగా వస్తుంది. ఊలుకు అది చాలు. అదనపు చుట్లు పలుచని పట్టు టైకి, అదీ కాలర్ కొసలు ఎడంగా తెరుచుకునే చొక్కాకు పనికొస్తాయి. కొసలు దగ్గరగా ఉండే కాలర్‌లో పెద్ద ముడి ఇరికిస్తే కాలర్ రెక్కలు విప్పుతుంది.

కాబట్టి మీకు దారి: ఫోర్ ఇన్ హ్యాండ్, 11 సెం.మీ. జరుపు, వెనక కొసను దాచడం. ప్రతిసారీ తడుముకోకుండా ఒకసారి సరిగ్గా కట్టాక, మెడ గుండీ దగ్గర సన్న కొస లోపలివైపు చిన్న దారపు టాకా వేసుకోండి. మళ్లీ కట్టేటప్పుడు ఆ టాకా గుండీ ఎదురుగా వస్తే పొడవు దానంతటదే కుదురుతుంది. అద్దెకు తెచ్చినదైతే టాకా బదులు చొక్కా గుండీల లెక్కన సన్న కొస ఎన్నో గుండీ దగ్గర మొదలైందో గుర్తుపెట్టుకోండి.

కిల్ట్‌లోకి దోపొద్దు. నిలబడి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. కూర్చోగానే ఛాతీకీ నడుముకీ మధ్య దూరం తగ్గి టై ముందుకు ఉబ్బుతుంది, లేచినప్పుడు కిల్ట్ ఆ కొసను గట్టిగా పట్టి ఉంచి ముడిని కిందికి లాగుతుంది. నాలుగుసార్లు కూర్చుని లేస్తే కాలర్ గుండీ బయటపడుతుంది. అదీకాక కిల్ట్ నడుము బిగుతుగా ఉంటుంది, ఊలు మడత ఆ బిగువులో ఇరుక్కుని ముందు పొర మీద ఉబ్బెత్తు చేస్తుంది.

చొక్కాలోకి పంపండి. పద్ధతి ఇది:

ముడి పూర్తిగా బిగించి, ముందు కొస ఎత్తు సరిచూసుకోండి. సన్న కొసను ముందు కొస వెనక ఉన్న గుడ్డ కొక్కెంలోంచి తీయండి. కాలర్ గుండీ కాకుండా కిందికి లెక్కపెడితే మూడు నాలుగు గుండీల మధ్య సందు వస్తుంది, అక్కడ సన్న కొసను చొక్కా లోపలికి దూర్చండి. వేలితో లోపల నిలువుగా సాపు చేయండి. మెలి పడితే చొక్కా మీద గీత కనపడుతుంది. ఆ తర్వాత పై గుండీ తీసి చూడనక్కర్లేదు, ముందు కొసను పక్కకు తప్పించి సందు పూర్తిగా దాని వెనకే ఉందో లేదో చూస్తే చాలు.

ఇందులో మేలేమిటంటే, కూర్చున్నప్పుడు చొక్కా, టై కలిసి కదులుతాయి. ముడి మీద లాగుడు ఉండదు. మరీ కిందిగుండీల మధ్య దూరిస్తే ఈ లాభం పోతుంది, కొస మళ్లీ కిల్ట్ అంచులోనే ఇరుక్కుంటుంది. పలుచని తెల్ల చొక్కా అయితే లోపల బనియన్ ఉండాలి, లేకపోతే ముదురు రంగు టై నీడలా కనిపిస్తుంది.

టై బార్ పెట్టుకుంటే ఆ సందుకు కాస్త పైన పెట్టండి. రెండు కొసలనూ చొక్కా కాజా పట్టీనీ కలిపి పట్టాలి. టైని మాత్రమే పట్టిన బార్ నగ, అంతకు మించి పనిచేయదు. కొసను పైకి మడిచి పిన్ను గుచ్చమని కొందరు చెబుతారు. ఊలుకు ఆ పని చేస్తే కోటు లోపల పొట్లం కట్టినట్టుంటుంది.

మధ్యేమార్గం:
మొదటి ప్రశ్నకు ఎవరూ సూటిగా చెప్పలేదు. కొస కిల్ట్ పై అంచును తాకాలి. బెల్టు ఉంటే బకిల్ పై అంచు. ప్యాంటు మీద కొస బకిల్ నడిమిదాకా వచ్చినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఆ బకిల్ చిన్నది, చూడటానికి పెట్టింది కాదు. కిల్ట్ బెల్టు రెండుంపావు అంగుళాల వెడల్పు, దాని బకిల్ చెక్కడం ఉన్న పెద్ద పలక. దాని మీద ముక్కోణం గుడ్డ వేలాడితే పలకా పాడే, టైయూ పాడే.

పొట్టి అయితే ఎంతవరకు పర్లేదు? ఒక వేలు, మహా అయితే రెండు వేళ్ల వెడల్పు. అంతకు మించితే కొసకీ బెల్టుకీ మధ్య తెల్ల చొక్కా ముక్కోణం కనపడుతుంది. వెయిస్ట్‌కోట్ లేనప్పుడు ఆర్గైల్ కోటు ముందుభాగం తెరిచే ఉంటుంది కాబట్టి దాచేదేమీ లేదు.

కొలిచేది మాత్రం బూట్లు వేసుకుని, కోటు తొడుక్కుని, నిటారుగా నిలబడి. తల దించి కొస చూసుకుంటే ఒళ్లు ముందుకు వంగి టై ఎప్పుడూ ఓ అంగుళం పొడుగనిపిస్తుంది. అద్దంలో పక్కనుంచి చూడండి.

కుచ్చిళ్లలెక్క:
మధ్యేమార్గం గారితో చిన్న తేడా. బెల్టు మీద కొస రెండు వేళ్లు పైన ఆగడం కంటే పలక మీద ఒక వేలు దిగడమే నాకు నయమనిపిస్తుంది. భోజనాల దగ్గర కూర్చుని లేచాక చొక్కా కిల్ట్‌లోంచి కాస్త పైకి ఉబికి వస్తుంది, పొట్టి టై ఇంకా పొట్టిగా కనపడుతుంది. ఇది ఇష్టాయిష్టాల మాట, ఎవరూ తూనిక పెట్టి చూడరు. స్పోరన్ దాకా రాకపోవడం మాత్రం ఇష్టాయిష్టం కాదు.

వెయిస్ట్‌కోట్ దొరికే అవకాశం ఉంటే ఈ గొడవ చాలావరకు తీరుతుంది. పగటి ట్వీడ్ జతకు ఐదు గుండీలది ఉంటుంది. అది కిల్ట్ పై అంచును కప్పేంత వస్తుంది, కొస లోపలే ఉండిపోతుంది, వెనక కొస గురించి బెంగ లేదు. పైప్ బ్యాండ్లలో కోటు లేకుండా చొక్కా, టై, వెయిస్ట్‌కోట్‌తో వాయించేవాళ్లను చూడండి, టై ఎక్కడా ఊగదు. రెండు జాగ్రత్తలు. ఒకటి, సూటు వెయిస్ట్‌కోట్ వాడకండి. అది ప్యాంటు నడుముకు కొలిచి కుట్టింది, కిల్ట్ మీద మరీ కిందికి వచ్చి స్పోరన్ మీద పడుతుంది. రెండు, వెయిస్ట్‌కోట్ వేస్తే బెల్టు తీసేయడం ఆనవాయితీ. బకిల్ పలక లోపలినుంచి పొడుచుకొచ్చి గుండీల వరస వంకర పోతుంది. అయితే 11 సెం.మీ. ఎక్కువున్న టైని అలాగే వదిలేస్తే వెయిస్ట్‌కోట్ కిందనుంచి కొస నాలుకలా బయటికొస్తుంది. కాబట్టి ముందు కొసను ఎలాగూ సరిచేయాలి.

సూదీదారం:
మూడో ప్రశ్న మిగిలింది. టై సొంతదైతే పొట్టి చేయించవచ్చు. అద్దెదైతే కత్తెర దగ్గరికి కూడా రానివ్వొద్దు!

తేలిక పద్ధతి: పైకి జరిపి కట్టి, సన్న కొసలో మిగిలిన 18 సెం.మీ. కోసి, అంచు లోపలికి మడిచి చేత్తో కుట్టడం. కొస ముక్కోణంగా రాకపోయినా ఫర్వాలేదు, ఎవరికీ కనపడదు. కానీ ముడి లావు తగ్గదు, ఎందుకంటే ముడి ఇప్పటికీ వెడల్పు భాగంలోనే పడుతోంది. ఆ టై మళ్లీ ప్యాంటు మీద పనికిరాదు కూడా.

సరైన పద్ధతి మెడ దగ్గర తగ్గించడం. టై ఒకే గుడ్డ కాదు. మామూలుగా మూడు ముక్కలు: ముందు రెక్క, మెడ ముక్క, సన్న రెక్క. అన్నీ నేతకు 45 డిగ్రీల ఏటవాలుగా కోసినవి, అతుకులూ ఏటవాలే. వెనకనున్న వదులు కుట్టు మెడ భాగంలో కొంతమేర విప్పి, లోపలి లైనింగ్ బయటికి తీసి, అతుకు దగ్గర అటు సగం ఇటు సగం కోసి, అదే ఏటవాలులో మళ్లీ అతకాలి. ఒకవైపు నుంచే కోస్తే రెండు ముక్కల వెడల్పు కలవక అతుకు దగ్గర మెట్టు వస్తుంది. లైనింగ్‌ను గుడ్డ అతుకుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు అతకాలి, రెండూ ఒకేచోట పడితే కాలర్ కింద గడ్డలా తగులుతుంది. చివర్న వెనక కుట్టు మళ్లీ వదులుగానే వేసి, దారం కొస కొంచెం విడిచిపెట్టాలి. బిగించి మిషను మీద కుడితే టైకి సాగే గుణం పోయి, ముడి విప్పిన ప్రతిసారీ మెలితిరుగుతుంది.

కొలతబద్ద:
కొనేటట్టయితే లేబుల్ మీద రంగు కాదు, పొడవు చూడండి. మీ ఎత్తుకు 50, 52 అంగుళాల మధ్య దొరికితే మామూలు ముడితోనే పని అయిపోతుంది. పిల్లల టైలు 48, 50 ఉంటాయి, పొడవు కుదురుతుంది కానీ వెడల్పు తక్కువ. వెడల్పు కోటు రెక్కల మధ్య రిబ్బన్ కట్టినట్టుంటుంది.

ఎవరూ అనని ఇంకో దారి పాత టైలు. మూడు ముక్కల ఏటవాలు టైకి న్యూయార్క్‌లో జెస్సీ లాంగ్స్‌డోర్ఫ్ పేటెంట్ తీసుకున్నది 1920ల్లో. అప్పుడూ, 1930లు, 40ల్లోనూ ప్యాంట్లు అసలు నడుము మీదే కట్టేవాళ్లు, పైన తరచూ వెయిస్ట్‌కోట్ ఉండేది. అందుకే ఆ కాలపు టైలు ఇప్పటివాటికంటే పొట్టి. ఆ తర్వాత ప్యాంటు నడుము కిందికి దిగింది, టై దాని వెంట దిగింది. కిల్ట్ మాత్రం ఉన్నచోటే ఉంది. పాతబట్టల దుకాణంలో టేపు పెట్టి కొలిచి కొనండి. 40ల చివరి టైలు మరీ వెడల్పుగా ఉంటాయి, ట్వీడ్ కోటు కిందికి 30లవి నయం. మడత దగ్గర పట్టు చిరిగిందేమో వెలుతురుకు ఎత్తి చూడండి.

పొట్టిటై:
టై అద్దెదే, కత్తెర లేదు. ఫోర్ ఇన్ హ్యాండ్, 11 జరిపి, మూడు నాలుగు గుండీల మధ్య దూర్చాను. కొస బకిల్ పై అంచుకు తాకుతోంది. పావుగంట కూర్చుని లేచినా ముడి కదల్లేదు. సాయంత్రం విందుకు ప్రిన్స్ చార్లీ కోటుకు మారాలంటున్నారు, దానికీ ఇదే టైనా?

మధ్యేమార్గం:
కాదు. ప్రిన్స్ చార్లీ సాయంత్రపు కోటు, ఛాతీ దగ్గర లోతుగా తెరిచి ఉండే మూడు గుండీల వెయిస్ట్‌కోట్‌తో నల్ల బో టై. దానికి పొడవు గొడవే లేదు, మెడ కొలత సరిచూసుకుంటే చాలు. ఊలు టై విప్పేటప్పుడు ముందు చొక్కాలోంచి సన్న కొస బయటికి తీయండి. అది మరిచి ముడి లాగితే గుండీ తెగుతుంది.